వన్‌టౌన్ మేడ నుంచి వెంకటాపురం వీధికి

మా పిన్ని ఇల్లు విశాఖ వన్‌టౌన్‌లో, కోటవీధికి దగ్గర. సొంత మేడ ఉన్నా ఆమె వడియాలు అక్కడ పెట్టదు. పిండి కలుపుకుని మధురవాడలో కూతురింటికి వెళ్లి, ఆ మేడ మీద పెట్టుకొస్తుంది. ఇక్కడ పెడితే సాయంత్రానికి వాటి మీద పోర్టు బొగ్గు పొడి పేరుకుంటుందట.

పోయిన డిసెంబరులో రెండు రోజులు వాళ్లింట్లో ఉన్నాను. నేను కాకినాడలో డిగ్రీ పిల్లలకు పర్యావరణ పాఠం చెబుతాను. యేల్, కొలంబియా విశ్వవిద్యాలయాల వాళ్లు రెండేళ్లకోసారి వేసే పర్యావరణ పనితీరు సూచీలో 2022లో 180 దేశాలకు మనది 180వ స్థానం. ఆ లెక్కను మన పర్యావరణ శాఖ ఒప్పుకోలేదు. 2024లో 176 అయింది. "మరి ఎవరి లెక్క నిజం మేడమ్?" అని క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. ఏదో చెప్పాను గానీ నా జవాబు నాకే నచ్చలేదు. సామర్లకోటలో రత్నాచల్ ఎక్కి విశాఖలో దిగే దాకా అదే ఆలోచన.

పొద్దున్నే పిన్ని వరండా తుడుస్తుంటే, పోర్టులో పనిచేసి రిటైరైన మా బాబాయి కుర్చీలో కూర్చుని ఊరి ఆకారం గురించి చెప్పారు. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండలు, నడుమ మూకుడు లాంటి పల్లం. 1933లో పోర్టు మొదలైంది. ఓడలు రావడానికి అనువైన చోటు కాబట్టి 1957లో రిఫైనరీ, ఆ తర్వాత ఎరువులు, జింకు, ఉక్కు, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆ మూకుట్లోంచి పొగ ఎటు పోతుందన్న ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. చలికాలం ఉదయం గాలి కదలదు, పైకి లేచిన దుమ్ము కిందికే దిగుతుంది.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే పరిస్థితి తీవ్రమని అర్థం. విశాఖకు 70.82 వచ్చింది. 2010లో అలాంటి చోట్ల కొత్త పరిశ్రమలకు, విస్తరణకు కొంతకాలం అనుమతులు ఆపారు. "ఆ నంబరు బయటికొచ్చాకే బొగ్గు కుప్పల మీద నీళ్లు చల్లడం, పట్టాలు కప్పడం గట్టిగా పట్టించుకున్నారమ్మా" అన్నారు బాబాయి. పిన్ని మాత్రం తుడుస్తున్న గుడ్డ ఎత్తి నాకు చూపించింది. నల్లగా ఉంది.

మర్నాడు ఎన్ఏడీ జంక్షన్ నుంచి ఆటోలో వెంకటాపురం వెళ్లాను. ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ గోడకీ ఇళ్లకీ ఎంత తక్కువ దూరమో చూస్తే కడుపులో దేవినట్టయింది. 2020 మే 7 తెల్లవారుజామున ఇక్కడే, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే ద్రవం తాలూకు ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఆ ఆవిరి గాలి కన్నా బరువు. అందుకే పైకి పోకుండా వీధి వెంబడి, పడుకున్న మనుషుల ఎత్తులోనే పాకింది.

ఆ ప్రమాదం మీద వేసిన కమిటీ తేల్చిన విషయాలు నేను చాలాసార్లు చదివాను. అక్కడ నిలబడ్డాకే అవి నాకు నిజంగా అర్థమయ్యాయి. ట్యాంకులో వేడిని అడుగు భాగంలోనే కొలిచేవారు. చల్లదనం కూడా కిందికే చేరేది. పైభాగంలో స్టైరీన్ వేడెక్కి తనంతట తాను గట్టిపడే చర్య మొదలైంది, ఆ చర్య ఇంకా వేడి పుట్టించింది. దాన్ని అడ్డుకునే రసాయనం సరిపడా లేదు. పైన మరుగుతున్నా కింద కొలత మామూలుగానే ఉంది. సైరన్ ఉంది గానీ ఎవరూ మోగించలేదు.

వీధి మలుపులో టిఫిన్ కొట్టు నడిపే ఆవిడ టీ ఇస్తూ అంది: "హుద్‌హుద్ ఆదివారం వచ్చింది. మూడు రోజులు ముందునుంచే మైకులో సెప్తానే ఉన్నారు. గేసు వచ్చినప్పుడు మాత్రం ఎవులూ సెప్పనేదమ్మా."

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు 180 కిలోమీటర్ల గాలితో నేరుగా ఈ ఊరి మీదే తీరం దాటినా, రాష్ట్రంలో మృతులు వంద లోపే. ఉపగ్రహాలు, రాడార్లు, ముందే ఖాళీ చేయించడం, అన్నీ కలిసి చేసిన పని అది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో కరెంటు తీగల్ని భూమిలోకి దించే పని కూడా మొదలుపెట్టారు. అంటే ఇదే ఊరు, ఇదే ప్రభుత్వ యంత్రాంగం, ఇదే డబ్బు. తుఫానుకి తయారుగా ఉన్నది, గోడ అవతలి ట్యాంకుకి లేదు. తుఫాను హెచ్చరిక అందరిదీ. ట్యాంకు మీటరు చదివేది మాత్రం గోడ లోపలి నలుగురే.

సాయంత్రం ముడసర్లోవ వెళ్లాను. చెరువు మీద తేలే 2 మెగావాట్ల సోలార్ పలకలు ఎండలో మెరుస్తున్నాయి. పరవాడ దగ్గర సింహాద్రి రిజర్వాయరులో 2021 నుంచి ఇలాంటివే 25 మెగావాట్లవి ఉన్నాయి. దాని పక్కనే 2000 మెగావాట్ల బొగ్గు కేంద్రం. 2024 సూచీలో మొదటి స్థానం ఎస్టోనియాది, ఆయిల్ షేల్ అనే నూనె రాతిని కరెంటు కోసం మండించడం బాగా తగ్గించుకోవడం అందుకు పెద్ద కారణం. అది చిన్న దేశం, మన కరెంటు అవసరం వేరు. అయినా 25 పక్కన 2000 చూస్తే మనం వెళ్లాల్సిన దూరం ఎంతో తెలుస్తుంది.

తిరుగు రైల్లో నోట్సులో ర్యాంకుల పేజీ పక్కన రాసుకున్నాను: కొలత ఎక్కడ తీశారు, అది ఎవరికి చెప్పారు? ఆ అమ్మాయికి సోమవారం ఈ రెండు ప్రశ్నలే ఇస్తాను, వెంకటాపురం కథతో సహా.

సంచిలో పిన్ని పెట్టిన వడియాల పొట్లం ఉంది. ఇస్తూ, "మధురవాడ మేడ మీదవేనే, కడగక్కర్లేదు" అంది.