కావలి తూర్పున ఇల్లు: పంచ కప్పు విడదీశాను

కావలి దగ్గర మేం కట్టుకోబోయే ఇంటి ప్లాను విడతలుగా గీస్తున్నాను. పోయిన విడతలో హాలు, రెండు గదుల దాకా గీసి ఆపాను. ఈసారి పనంతా తూర్పు పంచ మీదే నడిచింది. స్థలం కావలి నుంచి తుమ్మలపెంట వెళ్లే దారిలో ఉంది. ఇసుక నేల, పక్కన సరుగుడు తోట.

ఇక్కడి చిక్కు ఒక్కటే. వేసవిలో మధ్యాహ్నం దాటాక ప్రాణం లేచొచ్చే సముద్రపు గాలి తూర్పు, ఆగ్నేయం నుంచి వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన ఈడ్చి కొట్టేదీ దాదాపు అటే, ఈశాన్యం నుంచి. గాలి కావాలి, జల్లు వద్దు. సముద్రం వైపు గోడంతా అద్దం పెట్టే ఫ్యాషన్ ఒకటి వచ్చింది. ఫొటోకి బాగుంటుంది గానీ పొద్దున ఎనిమిదింటికే హాలు ఉడికిపోతుంది. నేను దాని జోలికి పోలేదు. పది అడుగుల లోతు పంచ వేసి, గోడని నీడలో ఉంచుతున్నాను.

ఇంటి కప్పునే పంచ మీదకు సాగదీస్తే చూడ్డానికి అందం. కానీ కట్టడాల మీద పడే బరువులకీ గాలికీ ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం నెల్లూరుకి లెక్కవేయాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తుపాను గాలి పొడుగు చూరు కిందికి దూరి పైకి లేపుతుంది, దాంతో ఇంటి కప్పూ కదులుతుంది. అందుకే పంచ కప్పుని విడదీసి, ఒక అడుగు కిందకి దించి, దాని స్తంభాలు దానికే ఇచ్చాను. పోతే పంచ పోవాలి, ఇల్లు నిలవాలి. పంచకి చేవ తేలిన తాటి వాసాలు, బెంగుళూరు పెంకులు. ఇంటి కప్పు మాత్రం నాలుగు వైపులా వాలు, ఇరవై అయిదు డిగ్రీలు. రెండు వాలుల కప్పుకంటే ఇది గాలికి బాగా తట్టుకుంటుంది.

గాలి ఎటు పోతుందో చూడ్డానికి ఫోమ్ బోర్డుతో 1:50 నమూనా, అంటే అసలు ఇంట్లో యాభయ్యో వంతు కొలతలతో, చేశాను. టేబుల్ ఫ్యాన్ గాలి సుడి తిరుగుతూ వస్తుంది. దాని ముందు జ్యూస్ స్ట్రాలు అట్టపెట్టెలో గుత్తంగా పేర్చి పెడితే తిన్నగా వస్తుంది. అగరబత్తి పొగ పెట్టి చూస్తే, తూర్పు కిటికీ గడప నాలుగడుగులుంటే పొగ తల మీదుగా పోతోంది, రెండడుగులకి దించితే మంచం ఎత్తులో పోతోంది. పడమటి కిటికీలు తూర్పు వాటికంటే పెద్దవి చేస్తే లోపల ఇంకా జోరుగా కదులుతోంది. ఆ పడమటి వాటికి చెక్క రెక్కలు తప్పనిసరి, లేకపోతే మే నెలలో వడగాలి నేరుగా లోపలికే.

అమ్మ ఆగ్నేయం వంటగది వదలదు. ఆగ్నేయం అంటే గాలికి ఎదురు మూల. తాలింపు ఘాటంతా పడగ్గదిలోకే! గొడవ పడలేదు. వంటగదిని ఆ మూలే ఉంచి, హాలు వైపు తలుపు తీసేసి, పెరటి వైపు పెద్ద తలుపు ఇచ్చాను. మధ్యలో చిన్న నడవా. నమూనాలో పొగ పెరట్లోకే పోయింది, అమ్మ కూడా సరేనంది.

పంచలో నేలకి బేతంచర్ల బండలు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ మనకి దగ్గరే గానీ నల్లరాయి, ఎండపడే చోట కాలు పెట్టలేం. అది వంటగట్టుకి చాలు.

డ్రాయింగ్ చూపిస్తే మేస్త్రీ చూరు వైపైనా చూడలేదు. "ముందు నీళ్ల సంగతి చూడు అబ్బయా. ఈ బోరు నీళ్లతో కాంక్రీటు కలిపితే కమ్మీ తుప్పు పట్టి ఉబ్బి స్లాబు పెచ్చులూడిపోద్ది" అన్నాడు. ఆయన మాట నిజం. కమ్మీలున్న కాంక్రీటుకి వాడే నీళ్లలో క్లోరైడు (ఉప్పులో ఉండేది, కమ్మీని తుప్పు పట్టించేది) లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. బోరు నీళ్లు ల్యాబుకి పంపాను. ఎక్కువొస్తే కలపడానికి, తడపడానికి కూడా ట్యాంకరు మంచినీళ్లే. ఇసుక పక్కనే ఉంది కదా అని తవ్వుకోకూడదు, పెన్నా ఇసుకే తెప్పించాలి. సముద్రపు గాలికి ఎం30 అనే గట్టి రకం కాంక్రీటు, కమ్మీ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే కమ్మీని కప్పే కాంక్రీటు మందం, ఉండాలని కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఆ మందం కోసం కమ్మీ కింద పెట్టే బిళ్లలు మామూలు స్లాబులకి 20 మిల్లీమీటర్లవి వేస్తారు, అవి ఇక్కడ పనికిరావు. బిళ్లలు సైట్లోనే పోయించుకుంటాం. కిటికీ బందులు, బోల్టులు 316 స్టెయిన్‌లెస్ స్టీలువి. 304 రకానికి ఉప్పు గాలిలో తుప్పు మచ్చలు పడతాయి.

ఇక సెప్టిక్ ట్యాంకు. వానాకాలంలో ఇక్కడ నీటిమట్టం బాగా పైకొస్తుంది, ఇసుక నేల కాబట్టి మురుగు బోరు వైపు ఇంకే ప్రమాదం ఉంది. రెండింటికీ దూరం ఎలా కుదురుతుందో వచ్చే విడతలో గీస్తాను. ఈలోగా తాటి వాసాల ధర కనుక్కోవాలి.