అంతర్వేది దారిలో వెనుదిరిగిన సీతమ్మగారు

డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టి, 1909లో లంకల గన్నవరంలో కన్నుమూశారు. ఆమె గ్రంథం రాయలేదు, మఠం కట్టలేదు, శిష్యులను చేర్చుకోలేదు. మెట్టినింటి గడప తొక్కినవారికి అన్నం పెట్టడమే తన పూజ అని నమ్మి, ఆ నమ్మకాన్ని ముసలితనం దాకా ఒక్కతీరుగా నడిపిన పల్లెటూరి ఇల్లాలు ఆమె. ఆమెను తలచుకునేవారు సాధారణంగా ఇంగ్లండు చక్రవర్తి కథతో మొదలుపెడతారు. నాకు మాత్రం ఆమె గొప్పతనమంతా పూర్తికాని ఒక తీర్థయాత్రలోనే కనిపిస్తుంది.

ఆమె తండ్రి అనుపిండి భవానీశంకరంగారు. అడిగినవారికల్లా అన్నం పెట్టే గుణం వల్ల ఊరివారు ఆయనను బువ్వన్న అని పిలిచేవారట. చిన్నతనంలోనే తల్లి పోవడంతో ఆ ఇంటి బాధ్యత సీతమ్మగారి మీద పడింది. పండిత సభకు వెళ్లి తిరిగి వస్తున్న లంకల గన్నవరం వాసి డొక్కా జోగన్నగారు భోజనాల వేళ మించిపోయాక మండపేట చేరి, బువ్వన్నగారింట ఆతిథ్యం పొంది, అక్కడ సీతమ్మగారి ఆదరణ చూసి ఆమెను పెళ్లాడాలని కోరుకున్నారని చెబుతారు. ఆమె అన్నదానాన్ని తలచేవారు జోగన్నగారిని ఒక్క వాక్యంలో దాటేయడం నాకు నచ్చదు. వేళ కాని వేళలో వచ్చిన అతిథికి వడ్డించిన చేయి చూసి ఆమెను కోరుకున్న మనిషి, తరువాత తన పొలంలో పండిన ధాన్యం ఎవరెవరి విస్తళ్లలోకి వెళుతున్నా అడ్డు చెప్పలేదు. ఆ కాలంలో ఇంటి ఆస్తి మీద ఆడవారి మాట ఎంతవరకు చెల్లేదో తెలిసినవారికి ఆయన సమ్మతి విలువ అర్థమవుతుంది.

ఆమె చేసినది సరిగా తెలియాలంటే ఆ ఊరు ఎక్కడుందో గుర్తుంచుకోవాలి. గన్నవరం కోనసీమలో గోదావరి పాయ అయిన వైనతేయ ఒడ్డున ఉంటుంది. వంతెనలు, బస్సులు లేని రోజుల్లో ఆ లంకల్లో ప్రయాణమంటే కాలినడకన రేవు చేరి, పడవ కోసం కాచుకుని, అవతలి గట్టు ఎక్కి మళ్లీ నడవడమే. అలా వచ్చేవారు ఇంటివారి భోజనాల వేళ చూసుకుని రాలేరు. ఏ మధ్యాహ్నం మూడింటికో, ఏ అర్ధరాత్రో ఆకలితో వచ్చి తలుపు తడతారు. అప్పుడు మళ్లీ పొయ్యి రాజేయాలి, నీళ్లు తోడాలి, ఎసరు పెట్టాలి, విస్తరి వేసి, వచ్చినవారు తృప్తిగా లేచేదాకా దగ్గరుండి కొసరి వడ్డించాలి. అన్నపూర్ణ అనే మాట నోటికి తేలికగానే వస్తుంది కాని, దాని వెనుక పొగలో మండిన కళ్లు, బరువైన గిన్నెలు దించిన చేతులు ఉన్నాయి. వచ్చినవారి కులం అడగకుండా పెట్టారని చెప్పుకుంటారు; పందొమ్మిదవ శతాబ్దపు అగ్రవర్ణపు వంటింట్లో అది చిన్న సంగతి కాదు.

ఇక ఆ యాత్ర సంగతి. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకోవాలని ఆమెకు ఎంతోకాలంగా కోరిక. వచ్చేపోయేవారి మధ్య ఇల్లు విడిచే తీరిక దొరకక, చివరికి ఎలాగో బయలుదేరారు. దారిలో గన్నవరం వైపు వెళుతున్న ఒక బృందం ఎదురైంది. ఆకలికి ఏడుస్తున్న పిల్లలను పెద్దలు, ఇంకాసేపట్లో సీతమ్మగారింటికి చేరుకుంటాం, అక్కడ కడుపునిండా తినవచ్చు అని ఊరడిస్తున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆమె యాత్ర మానుకుని, వారికంటే ముందుగా ఇల్లు చేరి వంట మొదలుపెట్టారట. దైవం మీద నమ్మకం తక్కువై ఆమె వెనుదిరగలేదు. ఆకలితో ఉన్న పిల్లలకు తన పేరు చెప్పి ఎవరో మాట ఇచ్చారు కనుక, ఆ మాట నిలబెట్టడమే స్వామికి సేవ అనుకున్నారు. ఆమె భక్తి గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పే సంఘటన నాకు తెలియదు.

చక్రవర్తి కథలోనూ నేను పట్టుకునేది ఇలాంటి అంశమే. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవాలకు పిలుపు వస్తే ఆమె వెళ్లలేదు. కనీసం ఫొటో అయినా కావాలని అడిగితే, పేరు కోసం తాను ఈ పని చేయడం లేదని దానికీ ఒప్పుకోలేదు. ఫొటో పంపకపోతే తన ఉద్యోగం పోతుందని వచ్చిన అధికారి ప్రాధేయపడ్డాకే సరేనన్నారని చెబుతారు. ఒక కుటుంబం కూడు పోతుందంటే ఆమె తన పట్టుదలను కూడా పక్కన పెట్టారన్నమాట.

పెట్టగా పెట్టగా ఆస్తి తరిగిందని అంటారు. అది సహజమే, లంక భూముల మీద వచ్చే రాబడికి ఒక హద్దు ఉంటుంది, రేవు దాటి వచ్చే జనానికి హద్దు లేదు.

గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువ నీటిని దాటించే కొత్త అక్విడెక్టుకు ఆమె పేరే పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లోని మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరు పెట్టింది. ఆ అన్నం తినే పిల్లలకు ఉపాధ్యాయులు చక్రవర్తి కథ కంటే ముందు అంతర్వేది దారి కథ చెప్పాలని నా కోరిక. ఆ దారిలో ఆకలితో ఏడ్చింది వాళ్ల ఈడు పిల్లలే.