పదహారు తాళ్ల జడ

ఇవాళ చెప్పుకోదగ్గ పనేమీ కాలేదు. సాయంత్రం చింతపండు తెద్దామని బయలుదేరి, రామాలయం ముందు గంటసేపు నిలబడిపోయాను. శ్రీరామనవమికని మా వీధి ఆడవాళ్లు జడ కోలాటం నేర్చుకుంటున్నారు.

మండపం దూలానికి ఒక కొక్కెం, దానికి పదహారు రంగుల తాళ్లు. ఒక్కొక్కరి ఎడమ చేతిలో తాడు, కుడి చేతిలో కర్ర. ఎనిమిది మంది ఇటు తిరిగితే ఎనిమిది మంది అటు. ఎదురొచ్చిన మొదటి మనిషిని లోపలి వైపు నుంచి, రెండో మనిషిని బయటి వైపు నుంచి దాటాలి. దాటేటప్పుడు కర్రకు కర్ర తగలాలి. వాళ్లు తిరుగుతున్నకొద్దీ పైన జడ బిగుసుకుంటూ కిందికి దిగుతుంది. ఒక్కరు వరస తప్పారా, చిక్కు అక్కడే పడుతుంది, అందరికీ కనిపించేలా.

కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ కొత్తగా చేరినట్టుంది. పెదవులు కదిలిస్తూ అడుగులు లెక్కపెట్టుకుంటోంది. మూడో చుట్టులో ఆవిడ కర్ర గాలిలోకి పోయింది. అంతవరకూ వరసగా పడుతున్న ‘టక్’లలో ఒకటి తగ్గింది. అంతే, గోడకు సైకిల్ ఆనించి చూస్తున్న పాలబ్బాయి ‘అయ్యో’ అన్నాడు. నా కాలి మడమ కూడా ఆగిపోయింది. అప్పటిదాకా అది తాళం వేస్తోందని నాకే తెలియదు!

పెళ్లిళ్లలో సీరియల్ బల్బులు వందలకొద్దీ ఒక్కసారే వెలిగి ఆరతాయి. వాటిని నిలబడి చూసేవాళ్లెవరు? అవి వరస తప్పవని మనకు తెలుసు కదా. ఇక్కడ మాత్రం ప్రతి చుట్టుకూ గుండె కొంచెం దడదడలాడుతుంది. వరస తప్పకుండా గట్టెక్కారే అన్న సంబరంలో మనకూ వాటా ఉన్నట్టు అనిపిస్తుంది, మన చేతిలో తాడేమీ లేకపోయినా.

1665లో హైగెన్స్ అనే డచ్ శాస్త్రవేత్త ఒంట్లో బాగాలేక ఇంటిపట్టున ఉన్నప్పుడు, ఒకే ఆధారానికి వేలాడుతున్న తన రెండు గడియారాల లోలకాలు జత కలవడం గమనించాడట. ఒకటి ఇటు ఊగితే రెండోది సరిగ్గా అటు. కావాలని చెదరగొట్టినా అరగంటలో మళ్లీ అదే వరస. వాటిని మోస్తున్న కర్ర కంటికి ఆనని మేరకు కదులుతూ ఒకదాని ఊపును మరొకదానికి అందించేదన్నమాట. చదివినప్పుడు అబ్బురపడ్డాను. కానీ కళ్లజోడావిడకు ఎదురొచ్చిన పసుపు చీరావిడ చేసిన పని ఏ గడియారమూ చేయలేదు. తన కర్రను ఎత్తి పట్టుకుని అర అడుగు ఆగింది. కొత్తావిడ తడబడుతూ వచ్చి తగిలించాకే కదిలింది. చుట్టంతా ఆ అర అడుగును సర్దుకుంది. గురువుగారి తాళాలు కూడా ఒక క్షణం నెమ్మదించాయని నా అనుమానం. అడిగితే ఒప్పుకోరు.

ఏడున్నరకు ఆపేశారు. అల్లిన జడను విప్పాలంటే అవే అడుగులు వెనక్కి వేయాలట. అది రేపటి పాఠమన్నారు. తాళ్ల కొసలన్నీ కలిపి ఒక స్తంభానికి కట్టి వెళ్లారు. నేను కదిలేసరికి కిరాణా కొట్టు మూసేశారు.