మా పైల్ డిజైన్ మీద వేరొకరి రేటు

భీమవరం దగ్గర చేపల చెరువు పూడ్చి మెరక చేసిన స్థలంలో కట్టే ఒక శీతల గిడ్డంగికి, డిజైన్‌తో సహా పైల్ పునాది (నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాల పునాది) పని మాకే ఇస్తామని మెయిన్ కాంట్రాక్టరు మాట ఇచ్చిన మీదట, మా ఖర్చుతోనే బోర్లు వేయించి, మట్టి పరీక్షలు చేయించి, డిజైనూ కొటేషనూ కలిపి సమర్పించాము. ఇలాంటి నేలలో పైల్ పొడవు నిర్ణయించడమే అసలు పని. కొత్త మెరక బరువుకు అడుగునున్న మెత్తటి బంకమట్టి ఏళ్ల తరబడి కుంగుతూ, పైల్‌ను మోయకపోగా తనతోపాటు కిందికి లాగుతుంది. ఆ లాగుడును అదనపు భారంగా లెక్కగట్టి, పైల్ కొసను గట్టి ఇసుక పొరలోకి దించాలి.

కొన్నాళ్లకు, బోరింగ్ యంత్రాలు అద్దెకిచ్చే ఒకాయన తనకు మరో సంస్థ చూపిన డ్రాయింగు నాకు పంపారు. అది మాదే; మా పేరున్న గడి మాత్రం ఖాళీగా ఉంది. అడిగితే మెయిన్ కాంట్రాక్టరు, ‘‘వాళ్ల రేటుకు వస్తే పని మీకేనండి’’ అన్నారు. ఆ సంస్థ పైల్ పొడవు తగ్గించింది. పరీక్షల ఖర్చు దానికి ఎలాగూ లేదు.

యజమాని సొంతంగా గీయించిన డ్రాయింగుల మీద పదిమందిని రేట్లు అడగడాన్ని నేను తప్పుపట్టను. డిజైన్ చేసినవాడికి రుసుము చెల్లించి, ఆ సంగతి అందరికీ చెప్పి మళ్లీ కొటేషన్లు పిలిచినా అభ్యంతరం లేదు. ఇక్కడ జరిగింది అది కాదు.

మేము రాసిన లేఖలో రెండు విషయాలు పెట్టాము: డ్రాయింగులకు 1957 నాటి కాపీరైట్ చట్టం రక్షణ ఉందని, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చేసిన పనివల్ల లాభం పొందినవారు పరిహారం చెల్లించాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతోందని. అయితే మెయిన్ కాంట్రాక్టరును కదిలించింది చట్టం కాదు, యజమాని తరఫు స్ట్రక్చరల్ ఇంజనీరు వేసిన ప్రశ్న: పొడవు తగ్గించిన ఈ డిజైన్‌కు ఎవరు సంతకం పెడతారు? కొత్త సంస్థ, ఇచ్చిన డ్రాయింగు ప్రకారం పని చేయడమే తమ వంతు అంది. మార్చిన డిజైన్‌కు మేము బాధ్యులం కామని లేఖలో ముందే స్పష్టం చేశాము. రేపు గిడ్డంగి ఒక పక్కకు కుంగితే జవాబు చెప్పేవారే లేరని అప్పటికి అందరికీ అర్థమైంది.

చివరకు పరీక్షల ఖర్చు, డిజైన్ రుసుము మాకు ముట్టాయి. పని వారికే వెళ్లింది, కాని మేమిచ్చిన పొడవుతో, పైల్ పునాదుల భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 2911 ప్రకారం ముందుగా లోడ్ టెస్ట్ (పైల్ మీద బరువు మోపి చూసే పరీక్ష) చేయాలన్న షరతుతో. ఇప్పుడు మేము డిజైన్ రుసుమును కొటేషన్‌లో విడిగా చూపి, అది అందాకే లెక్కల పత్రాలు ఇస్తున్నాము.