బెంగళూరు డాబా మీద నుంచి ఓరియన్ నెబ్యులా: నా అనుభవం

మారతహళ్ళిలో రాత్రి ఆకాశం నల్లగా ఉండదు, బెల్లం పాకం రంగులో ఉంటుంది. ఇక్కడి నుంచి నెబ్యులా, అంటే అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం ఫొటో తీస్తానంటే ఆఫీసులో నవ్వారు. నిజానికి ఓరియన్ నెబ్యులా వరకు బెంగళూరు మరీ తీసిపారేసే చోటేం కాదు. జనవరి రాత్రుల్లో అది 70 డిగ్రీల పైకి, దాదాపు నడినెత్తికి వస్తుంది. అంత ఎత్తున ఊరి వెలుతురు, దుమ్ము కాస్త పలచబడతాయి. ఢిల్లీ వాళ్లకి ఆ అదృష్టం లేదు.

సామాను పెద్దగా ఏం లేదు. సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్, 135 ఎంఎం లెన్సు, ట్రైపాడ్, నక్షత్రాలతో పాటు కెమెరాని మెల్లగా తిప్పే స్టార్ ట్రాకర్. డాబా తాళాల కోసం అసోసియేషన్ చుట్టూ తిరిగిన కథ ఇక్కడ వద్దులెండి.

అసలు తిప్పలు ట్రాకర్‌ని ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టడంలో. ఆకాశమంతా దాదాపు దాని చుట్టూనే తిరుగుతున్నట్టు కనిపిస్తుంది కాబట్టి, ట్రాకర్ కూడా అటే చూస్తూ తిరగాలి. ఏ ఊళ్లోనైనా ఆ నక్షత్రం ఎత్తు ఆ ఊరి అక్షాంశమంతే. బెంగళూరులో 13 డిగ్రీలు, అంటే మాకు ఎదురు అపార్ట్‌మెంట్ వెనకాల. ఫోన్లో కంపాస్ చూద్దామంటే స్లాబులో ఇనుము! రెండడుగులు జరిగితే ఉత్తరం మారిపోతోంది.

చివరికి పాత పద్ధతే ఆదుకుంది. దారానికి బరువు కట్టి వేలాడదీసి, సూర్యుడు సరిగ్గా దక్షిణాన ఉన్నప్పుడు దాని నీడ వెంట సుద్దముక్కతో గీత గీశాను. ఆ గీత చూపేదే అసలైన ఉత్తరం. మన గడియారాలు కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి కాబట్టి, బెంగళూరుకి సూర్యుడు దాదాపు 20 నిమిషాలు లేటు. జనవరి నడుమ భూకక్ష్య లెక్క ఇంకో తొమ్మిది నిమిషాలు కలుపుతుంది. అంటే సుమారు పన్నెండున్నర. మా వాచ్‌మన్‌ది మదనపల్లె. ‘‘ఏంది సార్, మిట్టమధ్యాహ్నం ముగ్గేస్తా ఉండారు?’’ అన్నాడు.

రాత్రి ట్రైపాడ్‌ని ఆ గీత మీద పెట్టి, ట్రాకర్‌ని 13 డిగ్రీలు వంచాను. ఒక్కో ఫొటోకి షట్టర్ 30 సెకన్లు తెరిచి పెడితే ఊరి వెలుతురుకి ఫ్రేమంతా గోధుమరంగే, అందుకని 15కి తగ్గించాను. నెబ్యులా మధ్యలో ట్రపీజియం అనే నాలుగు నక్షత్రాల గుంపు తెల్లగా మాడిపోకుండా రెండేసి సెకన్లవి విడిగా తీశాను. కెమెరా సెన్సర్ సొంత మచ్చలు తర్వాత తీసేయడానికి, లెన్సుకి మూత పెట్టి డార్క్ ఫ్రేములు కూడా. అన్నీ డీప్‌స్కైస్టాకర్‌లో వేశాను, ఫొటోలని ఒకదాని మీద ఒకటి పేర్చి కలిపే సాఫ్ట్‌వేర్ అది, ఉచితమే. ఇక్కడ ఓపికే పెట్టుబడి. ఫొటోలు నాలుగింతలైతే గానీ నాణ్యత రెండింతలు కాదు.

ఊరి గోధుమరంగు తీసేశాక గులాబీ రెక్కలు విచ్చుకున్నాయి. చూసినవాళ్లందరూ అడిగింది ఒకటే, ‘‘ఫొటోషాపా?’’ అని. కాంట్రాస్ట్ పెంచిన మాట నిజం, రంగు మాత్రం అక్కడిదే. ట్రపీజియంలోని వేడి నక్షత్రాల అతినీలలోహిత కాంతి తగిలి హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది, ఆక్సిజన్ నీలిపచ్చగా. మసక వెలుతురులో మన కంటికి రంగు తెలియదు కాబట్టి బైనాక్యులర్లో బూడిదరంగు మచ్చే కనిపిస్తుంది. అక్కడ ఇంకా నక్షత్రాలు పుడుతూనే ఉన్నాయి.

మామూలు కెమెరాలోని ఫిల్టరు ఆ ఎరుపులో చాలావరకు ఆపేస్తుంది. నా ఫొటో గులాబీ దగ్గరే ఆగడానికి అదీ ఒక కారణం. ఓరియన్‌కి పర్వాలేదు గానీ, రోజెట్ లాంటి మసక నెబ్యులాకి దీంతో కష్టం. ఆ ఫిల్టరు తీయించి, హైడ్రోజన్, ఆక్సిజన్ కాంతిని మాత్రమే వదిలే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ కొనాలి. దాని ధర ఇంకా ఇంట్లో చెప్పలేదు.