పయనీర్‌ను వెనక్కి నెట్టిన వేడి

మా వరండాలో చాలా ఏళ్లపాటు 60 వాట్ల బల్బు వెలిగేది. అంత శక్తి ఒకే దిక్కుకు పోతే, పావు టన్ను బరువున్న వ్యోమనౌక గమనం కొలవగలిగినంతగా మారుతుందని చదివిన రోజు కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను. నిజమే! వేడిని మోసుకుపోయే పరారుణ కిరణాలకు ద్రవ్యరాశి లేకపోయినా ద్రవ్యవేగం ఉంటుంది కనుక, అవి వెళ్లిన దిక్కుకు ఎదురుగా నౌకను నెడతాయి.

1972లో పయనీర్ 10, 1973లో పయనీర్ 11 అనే నాసా వ్యోమనౌకలు బయలుదేరాయి. దూరం పెరిగాక వాటి రేడియో సంకేతాల డాప్లర్ మార్పును (నౌక వేగాన్ని బట్టి పౌనఃపున్యంలో వచ్చే తేడాను) పరిశీలిస్తే, రెండూ సూర్యుడి వైపుకు, సెకను సెకనుకు సుమారు 0.87 నానోమీటరు అదనపు త్వరణంతో లాగబడుతున్నట్టు తేలింది. వినడానికి అల్పమే, కానీ ఏడాది తిరిగేసరికి అది 435 కిలోమీటర్ల తేడా. నాసా శాస్త్రవేత్త జాన్ ఆండర్సన్ బృందం 1998లో ఈ సంగతి ప్రకటించాక, గురుత్వాకర్షణ సూత్రాన్నే సవరించాలేమోనని ఆలోచించినవారు ఉన్నారు.

జవాబు కోసం స్లావా తురిషెవ్, విక్టర్ టోత్ తదితర పరిశోధకులు ఆకాశం వైపు కాకుండా పాత టేపుల వైపు చూశారు. నౌకలోని ఉష్ణోగ్రతల రికార్డులను ఓపికగా వెలికితీసి, ఏ భాగం నుంచి ఎంత వేడి ఎటు పోయిందో కంప్యూటర్ నమూనాలో కట్టారు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే పని ఇదే.

నాలుగు ప్లుటోనియం జనరేటర్లు మొదట్లో దాదాపు 2500 వాట్ల వేడినిస్తే, అందులో విద్యుత్తుగా మారింది 160 వాట్లే. నౌక తన అక్షం చుట్టూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి పక్కలకు పోయిన వేడి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. అక్షం వెంబడి పోయినదే లెక్కకు మిగులుతుంది. భూమి వైపు తిరిగి ఉన్న 2.74 మీటర్ల యాంటెన్నా వీపుకు తగిలిన జనరేటర్ల వేడి వెనక్కి మళ్లింది, పరికరాల గది వేడి కూడా యాంటెన్నాకు అవతలి వైపు నుంచే ఎక్కువగా బయటికి పోయింది. అంత దూరం నుంచి భూమి, సూర్యుడు దాదాపు ఒకే వైపు ఉంటాయి, ఆ దిక్కు సూర్యుడికి దూరంగా ఉన్నది కాబట్టి, తోపు సూర్యుడి వైపుకు వచ్చింది.

కాలంతోపాటు ఈ త్వరణం తగ్గుతూ ఉండటం మరో ఆధారం, ఎందుకంటే ప్లుటోనియం చల్లారుతుంది, గురుత్వాకర్షణ చల్లారదు. 2012లో వెలువడిన ఫలితంలో, వేడి వాటా తీసేశాక చెప్పుకోదగ్గ తేడా మిగలలేదు.

శనిగ్రహానికి వెళ్లిన కస్సీని నౌక దారిని లెక్కకట్టినవారు, సూర్యకాంతి ఒత్తిడితోపాటు దాని జనరేటర్ల వేడి తోపును కూడా ఒక బలంగా లెక్కలో చేర్చుకున్నారు.