రష్యన్‌కి తెలుగే దగ్గర దారి

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మెడిసిన్ కోసం రష్యా వెళ్ళే పిల్లలకి పాఠాలు ఇంగ్లీషులో చెప్పినా, వార్డులో పేషెంటు తన నొప్పి చెప్పుకునేది రష్యన్‌లోనే. కాబట్టి మొదటి ఏడాదే భాష మొదలెట్టాలి. చేతికొచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. అందులోని ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లీషు చేసుకుని, తర్వాత రష్యన్ చెయ్యబోతారు. తిరకాసంతా అక్కడే.

రష్యన్‌లో 33 అక్షరాలు: 10 అచ్చులు, 21 హల్లులు, పలకని గుర్తులు రెండు. ఇంగ్లీషు అక్షరాల్లా కనిపించి వేరేగా పలికే ఆరింటిని ముందు పట్టుకోండి. పెద్దబడి బి అంటే 'వ', హెచ్ అంటే 'న', పి అంటే 'ర', సి అంటే 'స', వై అంటే 'ఉ', ఎక్స్ అంటే 'ఖ'. ఇవి కుదరకపోతే హోటల్ బోర్డు మీదున్న 'రిస్తరాన్' మీకు 'పెక్టోపా'లా కనిపిస్తుంది. రోజుకి అరగంట చొప్పున రెండు వారాలు రాస్తే పుస్తకాల్లో అచ్చయ్యే అక్షరాలు వచ్చేస్తాయి. చేతిరాత వేరే సంగతి. అందులో 'త' ఇంగ్లీషు ఎమ్‌లా, 'ద' జీలా, 'ఇ' యూలా ఉంటుంది. బోర్డు మీద టీచరు రాసేది అదే కనుక దాన్ని వాయిదా వెయ్యకండి.

ఉచ్చారణలో మనకి కలిసొచ్చేది చాలా ఉంది. వాళ్ళ త, ద మన త, ద లాగే పళ్ళని తాకి పలుకుతాయి. ఇంటిని 'దోమ్' అనాలి, ఇంగ్లీషు అలవాటులో 'డోమ్' అనకూడదు. మన 'చలి', 'చాప'లో వినిపించే చ వాళ్ళకి ఒక అక్షరం, 'చింత'లోని చ ఇంకో అక్షరం. తేడా మన నోట్లో ముందునుంచీ ఉన్నదే. కొత్తగా పట్టాల్సినవాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి, 'ఉ' అన్నప్పుడు నాలుక ఎక్కడుంటుందో అక్కడే ఉంచి పెదాలు మాత్రం 'ఇ'కి సాగదీసినట్టు సాగదీస్తే వచ్చే అచ్చు. దాన్ని మామూలు 'ఇ'గా పలికితే 'ఉండటం' కాస్తా 'కొట్టడం' అయిపోతుంది. రెండోది మెత్తని హల్లు. 'బ్రాత్' అంటే సోదరుడు. చివరి త పలికేటప్పుడు నాలుక నడుమ భాగాన్ని అంగిలివైపు లేపితే అదే మాటకి 'తీసుకోవడం' అని అర్థం. దాన్ని 'బ్రాత్య' అని య కలిపి పలకడం మామూలుగా జరిగే పొరపాటు.

అంతకన్నా పెద్ద పొరపాటు, మాటలు అచ్చుతో ముగిసే మన అజంత భాష తెచ్చిపెట్టేది. బస్సు, కారు అన్నట్టు ప్రతి మాట చివరా ఒక ఉ తగిలిస్తాం. రష్యన్‌లో ఆ ఉ ఒక విభక్తి. 'బ్రాత్' సోదరుడైతే 'బ్రాతు' అంటే సోదరుడికి. హల్లు దగ్గర ఆపేయడం నోటికి నేర్పాల్సిందే. పైగా చివర్లో గ ఉంటే క లాగా, ద ఉంటే త లాగా వినిపిస్తుంది. స్నేహితుణ్ణి గ తో రాస్తారు, పలకడం మాత్రం 'ద్రూక్'.

ఊనిక, అంటే గట్టిగా ఒత్తి పలకడం, ఏ అచ్చు మీద పడుతుందో మాటతోపాటే నేర్చుకోవాలి. ఊనిక లేని 'ఒ' 'అ'గా మారుతుంది. మూడు ఒలతో రాసే పాలు 'మలకో' అవుతాయి. ఊనిక మొదటి అచ్చు మీదుంటే 'జామక్' కోట, రెండో దాని మీదుంటే 'జమోక్' తాళం. ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నది మాట వినిపించడానికే. మీ నోటుబుక్కులో మాత్రం రెండో వారం నుంచి ఇలా రాయకండి, మెత్తదనం కనిపించదు.

ఇక వ్యాకరణం. ఆరు విభక్తులనగానే ఇంగ్లీషు మీడియం పిల్లలు బెదిరిపోతారు గానీ, ని, కి, తో, లో రోజూ వాడేవాళ్ళకి అందులో బెదురెందుకు? 'ఏటిది?' అంటే 'ష్తో ఎత?'. మధ్యలో 'ఈజ్' అక్కర్లేదు, మనకీ లేదు. 'నా దగ్గర పుస్తకం ఉంది' అనేదాన్ని మాటకి మాటగా 'ఉ మిన్యా యేస్త్ క్నీగ' అంటారు. 'నాకు చలిగా ఉంది' అంటే 'మ్న్యే ఖోలద్న'. నాకు అనేదే అక్కడా. ఇంగ్లీషు 'అయామ్ కోల్డ్' నుంచి కడితే నేను ముట్టుకుంటే చల్లగా ఉండేవాణ్ణని అవుతుంది. వయసు కూడా 'నాకు 20 ఏళ్ళు' అనే. 'పుస్తకం చదివాను' అంటూ ని వదిలేస్తాం, 'అన్నని చూశాను'లో వదలం. పుంలింగ పదాలకి వాళ్ళదీ అదే పద్ధతి. ప్రాణం లేనిదైతే రూపం మారదు, ఉంటే మారుతుంది. 'చదివాను'కి 'చితాల్', 'చదివేశాను'కి 'ప్రచితాల్' అని రెండు క్రియలుంటాయి. ఎక్కువసార్లు మన 'ఏశాను' చెవిలో పెట్టుకుంటే చాలు. ఆడపిల్లలు మాత్రం నేను అన్నప్పుడు కూడా 'చితాల', 'ప్రచితాల' అనాలి.

తెలుగు దారి తప్పించే చోట్లూ ఉన్నాయి. 'పెన్నుతో', 'స్నేహితుడితో' మనకి ఒకే తో. వాళ్ళకి పనిముట్టయితే విభక్తి ఒక్కటే చాలు, 'రూచ్కయ్'. తోడైతే ముందు 'స్' పెట్టాలి. పెన్నుకి కూడా 'స్' పెడితే పెన్ను మీ పక్కన కూర్చుని రాస్తున్నట్టు. 'పుస్తకం లేదు' అన్నప్పుడు మనం పుస్తకాన్ని కదపం. వాళ్ళ 'న్యెత్' తర్వాత అది 'క్నీగి' అవుతుంది. వస్తువులన్నీ మనకి 'అది'. అక్కడ టేబుల్ మగ, పుస్తకం ఆడ, కిటికీ నపుంసకం. మాట చివర హల్లుంటే మగ, అ ఉంటే ఆడ, ఒ ఉంటే నపుంసకం అనే గుర్తు చాలావరకు సరిపోతుంది. నాన్నని పిలిచే 'పాప' చివర అ ఉన్నా మగే!

'వెళ్ళు' మరీ ఇబ్బంది. హాస్టల్ నుంచి క్లాసుకి నడిచి వెళ్తుంటే 'ఇదూ', శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస స్టేషనుకి బస్సులో వెళ్తుంటే 'యేదు'. రోజూ వెళ్ళొస్తుంటే ఇవి కాదు, 'ఖజూ', 'యేజ్జు'. మాస్కోకి 'ఇదూ' అంటే నడిచి బయల్దేరారన్నమాట. ఇంతా చేసి రైలు వెళ్తోంది, బస్సు వెళ్తోంది అనేటప్పుడు మాత్రం నడిచే క్రియే వాడతారు.

లెక్క పెట్టేటప్పుడు 1కి 'రూబ్ల్', 2 నుంచి 4కి 'రుబ్ల్యా', 5 నుంచి 20కి 'రుబ్లేయ్'. 21 దగ్గర మళ్ళీ 'రూబ్ల్', 22కి 'రుబ్ల్యా'. 111 నుంచి 114 వరకు కూడా చివరి అంకె చూసి మోసపోకండి, అక్కడ 'రుబ్లేయ్' అనే అనాలి.

రష్యన్ భాషా పరీక్షల్లో తొలి మెట్టయిన ఎ1కి 780 మాటలు కావాలి. రోజుకి 8 చొప్పున మూడు నెలల పైచిలుకు పడుతుంది. నామవాచకాన్ని లింగంతో, క్రియని జంటతో, రెండింటినీ ఊనికతో కార్డు మీద రాయండి. అర్థం మాత్రం తెలుగులోనే.